కీళ్ళ బొమ్మకు గుల్ల భాగాలు: యంత్రం కట్టుకునే ముందు ఆలోచించవలసినవి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. విశాఖపట్నంలో మీ డాబా మీది గదిలో 60 సెంటీమీటర్ల ఎత్తున్న కీళ్ళ బొమ్మను మట్టితో మలుచుకున్నారు. తల, మొండెం, చేతులు, కాళ్ళు విడివిడి ముక్కలుగా ఉన్నాయి. వాటిని సిలికాన్ అచ్చుల్లో పాలీయురేథేన్ రెజిన్‌తో నిండుగా పోత పోస్తే తల బరువుకు బొమ్మ నిలవడం లేదు, రెజిన్ డబ్బా కూడా ఒక్క బొమ్మకే అయిపోయింది. అందుకని కారు వైపర్ మోటారుతో, రెండు ఇరుసుల మీద తిరిగే రోటోకాస్టింగ్ యంత్రం, అంటే అచ్చును తిప్పుతూ రెజిన్‌ను లోపలి గోడలకు పట్టించి ముక్కను గుల్లగా పోసే యంత్రం, కట్టుకోవాలా, లేక ఇంతకంటే చవకైన మార్గం ఉందా అని అడిగారు. యంత్రం ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. ఒకే బొమ్మలో తలకు కావలసిన గుల్లతనం వేరు, చేతికి కావలసింది వేరు, మొండానికి కావలసింది వేరు. వీటిలో యంత్రం నిజంగా పనికివచ్చేది మొండానికి మాత్రమే, అది కూడా చేత్తో తిప్పి చేయగలిగిన పనే.

ముందు లెక్క చూడండి. తలను 8 సెంటీమీటర్ల వ్యాసం గల గోళం అనుకుంటే దాని ఘనపరిమాణం సుమారు 268 ఘన సెంటీమీటర్లు. పోత రెజిన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.05 నుంచి 1.1 గ్రాముల మధ్య ఉంటుంది కనుక నిండు తల 290 గ్రాముల దాకా తూగుతుంది. అదే తలను 3 మిల్లీమీటర్ల గోడతో గుల్లగా పోస్తే పట్టేది 56 ఘన సెంటీమీటర్లు, అంటే 60 గ్రాములు. ఖర్చూ బరువూ రెండూ దాదాపు అయిదో వంతుకు దిగుతాయి. ఇప్పుడు చేతి సంగతి చూడండి. రెండున్నర సెంటీమీటర్ల లావు చేతిలో, ముక్కలను కలిపి పట్టే ఎలాస్టిక్ తాడు కోసం 8 మిల్లీమీటర్ల రంధ్రం వదిలితే ఆదా అయ్యే రెజిన్ పదోవంతు మాత్రమే. చేతిని గుల్ల చేయడం బరువు కోసం కాదు, తాడు దారి కోసం. ఈ తేడా గమనించకుండా అన్ని ముక్కలకూ ఒకే పద్ధతి పట్టుకు వేలాడడం వల్లనే అభిరుచితో చేసేవారికి ఖర్చు పెరుగుతుంది.

కాళ్ళు చేతులకు కావలసింది ఒక ఇనుప చువ్వ, దాని మీదికి బిగుతుగా ఎక్కే సిలికాన్ గొట్టం. అక్వేరియంలో గాలి పంపడానికి వాడే గొట్టాల్లో సిలికాన్‌వి దొరుకుతాయి, కానీ చూడడానికి అలాగే ఉండే పీవీసీ గొట్టాలు కూడా అదే దుకాణంలో ఉంటాయి కాబట్టి అడిగి తీసుకోండి, ఎందుకంటే ఈ రెండింటిలో రెజిన్ అంటుకోనిది సిలికాన్‌కు మాత్రమే. మీరు మలిచిన మూలరూపంలో ముందే రంధ్రం తొలిచి, చువ్వను అందులో గుచ్చి, రెండు చివరలా రెండేసి సెంటీమీటర్లు బయటికి ఉండేలా పెట్టి అచ్చు తీస్తే, ఆ చువ్వ కూర్చునే చోటు అచ్చులోనే ఏర్పడుతుంది. పోత సమయంలో గొట్టం తొడిగిన చువ్వను ఆ గాళ్ళలో కూర్చోబెట్టి రెజిన్ పోయాలి. గట్టిపడిన తరువాత ముందు చువ్వను లాగి, ఆ తరువాత గొట్టాన్ని లాగాలి. లోపల ఆధారం పోయిన గొట్టం లాగినకొద్దీ సాగి సన్నబడుతుంది కనుక గోడను విడిచి సులువుగా వచ్చేస్తుంది. కొంచెం వంగిన మోచేతికైతే చువ్వకు బదులు మెత్తటి ఇనుప తీగ పెట్టవచ్చు. వేళ్ళున్న అరచేతిని మాత్రం నిండుగానే పోయండి, దాన్ని గుల్ల చేయాలని ప్రయత్నించడం వృథా శ్రమ.

కీళ్ళ దగ్గర వచ్చే గోళాల గురించి ఒక మాట చెప్పాలి. చేత్తో మలిచిన గోళం ఎంత నున్నగా ఉన్నా నిజంగా గుండ్రంగా ఉండదు, ఆ చిన్న వంకర వల్లనే కీలు ఒక కోణంలో నిలిచి మరో కోణంలో జారిపోతుంది. మనకు 60 పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద తిప్పి లక్క పూసే ఆ పనివారికి వ్యాసం చెప్పి గోళాలు చేయించుకుంటే అవే మీకు శాశ్వతమైన మూలరూపాలవుతాయి. లక్క పూత ఉన్న నున్నటి కర్రకు సిలికాన్ అంటుకోదు.

తల విషయంలో కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మీ ఖర్చు తగ్గేది ఇక్కడే. తలను చేత్తో తిప్పి గుల్లగా పోయవచ్చు కానీ కళ్ళు లోపలి నుంచి అమర్చవలసిన బొమ్మకు అది సరిపోదు. ముక్కు, గడ్డం దగ్గర రెజిన్ పేరుకుంటుంది, కనురెప్పల దగ్గర మందం ఒక్కో తలకు ఒక్కోలా వస్తుంది, ఆ తరువాత లోపలి వైపు గంటల తరబడి తొలుచుకోవాలి. దానికి బదులు మట్టిపొర పద్ధతిలో లోపలి దిమ్మ, అంటే కోర్, తయారు చేసుకోండి. తలను నడినెత్తి దగ్గర అడ్డంగా కోసి ముఖభాగం, మూతభాగం అని రెండుగా విడదీసే ఉంటారు. ముఖభాగానికి బయటి అచ్చు పూర్తయ్యాక, నూనె మట్టిని రెండు 3 మిల్లీమీటర్ల బద్దల మధ్య చపాతీ కర్రతో ఒత్తితే సమానమైన మందం గల పొర వస్తుంది. దాన్ని ముక్కలుగా కోసి అచ్చు లోపలి గోడకు అంతటా అద్దాలి. మెడ రంధ్రం ఉన్న చోట మాత్రం మట్టి పెట్టకుండా వదిలేయాలి. పైన అచ్చు అంచు మీద కూర్చునే విధంగా ఒక పలక భాగం కూడా వచ్చేలా చుట్టూ గట్టు కట్టి, లోపల ఖాళీలో సిలికాన్ పోయాలి. గట్టిపడ్డాక దిమ్మను తీసి, మట్టినంతా ఒలిచేసి, దిమ్మను తిరిగి పెడితే, పైన పలక దగ్గర, కింద మెడ దగ్గర రెండు చోట్ల ఆనుకుని, మధ్యలో అంతటా మట్టి ఉన్నంత మందం ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి పోసిన రెజినే మీ తల గోడ. రెండు చోట్ల ఆనించడం తప్పనిసరి. ఒక్క వైపే పట్టున్న దిమ్మ రెజిన్ తోపుడుకు పక్కకు ఒరిగి, ఒక చెంప పలచగా, ఇంకొక చెంప మందంగా వస్తుంది.

ఈ పద్ధతిలో ఇంకొక లాభం ఉంది. మీరు వాడబోయే కంటి వ్యాసం 16 మిల్లీమీటర్లయితే, సిలికాన్ పోయడానికి ముందే అదే వ్యాసం గల గోళీని కంటి స్థానంలో మట్టిపొర మీద ఒత్తి గుంట చేయండి. దిమ్మ మీద ఆ చోట ఉబ్బు వస్తుంది, పోసిన ప్రతి తలలోనూ కన్ను కూర్చునే గుంట దానంతటదే తయారై ఉంటుంది. కనురెప్ప అంచు దగ్గర మట్టి బాగా పలచబడేదాకా గోళీని నొక్కండి.

సిలికాన్ మీద సిలికాన్ పోస్తే రెండూ ఒకటైపోతాయని గుర్తుంచుకోండి. మట్టి లేని ప్రతి చోటా, అంటే అంచు, మెడ గాడి, పలక కూర్చునే ముఖం, అన్నింటికీ వ్యాసెలిన్‌ను టర్పెంటైన్‌లో పలచన చేసి కుంచెతో పూసి ఆరనివ్వాలి. గంధకం ఉన్న నూనె మట్టి ప్లాటినం రకం సిలికాన్‌ను గట్టిపడనివ్వదు. లేటెక్స్ చేతితొడుగులు, టిన్ రకం సిలికాన్ తగిలినా అదే గతి. టిన్ రకానికి ఆ పెంకితనం లేదు, ధర కూడా తక్కువ, కాకపోతే కాలం గడిచేకొద్దీ కొద్దిగా కుంచించుకుపోతుంది. ఇంట్లో చేసుకునే పనికి టిన్ రకం చాలు. సిలికాన్ ఆదా చేయాలంటే అచ్చును దిమ్మలా పోయకుండా, ముక్క చుట్టూ కుంచెతో 5 లేదా 6 మిల్లీమీటర్ల తొడుగులా పొరలు పొరలుగా పూసి, దాని బయట ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గట్టి కవచం కట్టండి. మొండెం వంటి పెద్ద ముక్కలకు ఇది సగానికి పైగా సిలికాన్‌ను మిగులుస్తుంది. బాత్రూం అతుకులకు వాడే వెనిగర్ వాసన గల సిలికాన్‌లో మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌ఫ్లోర్) కలిపి చేసే అచ్చుల గురించి మీరు వినే ఉంటారు. అది పనిచేస్తుంది, చవక కూడా, కానీ చిక్కటి ముద్దలో గాలి చిక్కుకుని ముఖం మీద గుంటలు పడతాయి. పాదాలకు, మొండానికి పరవాలేదు, ముఖానికి వాడవద్దు.

ఇక మొండెం. దీనికి చేతితో తిప్పే పద్ధతే సరైనది. రెండు ముక్కల అచ్చును చెక్క పలకల మధ్య పెట్టి రబ్బరు పట్టీలతో బిగించి, లోపలి వైపు కొద్దిగా టాల్కమ్ పౌడరు చల్లి దులిపేయండి. పౌడరు వల్ల రెజిన్ మూలమూలకూ పాకుతుంది, ఉపరితలం మీద బుడగలు తగ్గుతాయి. ఎంత రెజిన్ కలపాలన్నది ఊహించి కాక లెక్క వేసి నిర్ణయించండి. మొండానికి కాగితం ముక్కలు చుట్టి, వాటిని గళ్ళ కాగితం మీద పరిచి ఉపరితల వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో లెక్కగట్టి, దాన్ని 0.3తో గుణిస్తే 3 మిల్లీమీటర్ల గోడకు కావలసిన ఘనపరిమాణం వస్తుంది. అందులో సగం మొదటి పూతకు, సగం రెండో పూతకు. రెండూ ఒకేసారి పోస్తే రెజిన్ గోడకు పట్టకుండా అడుగున మడుగు కడుతుంది.

మెడ రంధ్రం గుండా మొదటి సగం పోసి, రంధ్రాన్ని మూసి, ఆ మూతలో సన్నటి గొట్టం ఒకటి గాలి దారిగా ఉంచాలి. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడి పుట్టి లోపలి గాలి వ్యాకోచిస్తుంది కనుక దారి లేకపోతే అది అతుకుల గుండా రెజిన్‌ను బయటికి తోసేస్తుంది. ఆ తరువాత అచ్చును అన్ని దిక్కులకూ నిదానంగా, ఆగకుండా దొర్లిస్తూ ఉండాలి. వేగం వల్ల లాభం లేదు, తలక్రిందులు చేసిన ప్రతిసారీ రెజిన్ గోడ వెంబడి పాకేంత వ్యవధి ఇవ్వాలి. కలిపిన గిన్నెలో కొంచెం మిగుల్చుకుంటే దాన్ని చూసి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవచ్చు. అయితే లోపల పలచగా పరుచుకున్న పూతలో వేడి నిలవదు కనుక అది గిన్నెలోని దానికంటే ఆలస్యంగా గట్టిపడుతుంది, గిన్నెలోది గట్టిపడగానే తిప్పడం ఆపకండి. మొదటి పూత రబ్బరులా ఉండగానే రెండోది పోస్తే రెండూ కలిసిపోతాయి. పూర్తిగా గట్టిపడ్డాక పోస్తే పొరలు తరువాత ఎప్పుడో ఊడే ప్రమాదం ఉంది. ముక్క బయటికి తీశాక చీకట్లో లోపలికి మొబైల్ టార్చి పెట్టి చూడండి, పలచటి చోట్లు వెలుగుతూ కనిపిస్తాయి. అక్కడ లోపలి నుంచి కుంచెతో కాస్త రెజిన్ పూస్తే సరిపోతుంది. తుంటి, భుజాల గుంటలు తాడు ఒత్తిడిని భరించే చోట్లు కనుక వాటికి ఎలాగూ అదనపు పూత అవసరం.

విశాఖలో ఈ పనికి పెద్ద శత్రువు గాలిలోని తేమ. పాలీయురేథేన్ రెజిన్‌లో ఒక భాగం ఐసోసయనేట్. అది నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి రెజిన్ నురగలా పొంగుతుంది. బీచ్ గాలి తగిలే గదిలో సగం వాడి వదిలేసిన డబ్బా కొన్ని వారాలకే పాడవడం ఇక్కడ మామూలే. పెద్ద డబ్బా చవకగా వస్తుందని కొనకుండా చిన్నవి కొనండి. తెరిచిన డబ్బాను మూత బిగించి, సిలికా జెల్ పొట్లాలతో పాటు గాలి చొరబడని పెద్ద డబ్బాలో ఉంచండి. కలపడానికి కాగితపు కప్పులు, ఐస్‌క్రీం పుల్లలు వాడవద్దు, వాటిలో కంటికి కనబడని తేమ ఉంటుంది. ప్లాస్టిక్ గిన్నె, లోహపు పుల్ల వాడండి. సుద్దపొడి, టాల్క్ కలిపి ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే వాటిని ముందుగా పెనం మీద వేడి చేసి, మూత పెట్టి చల్లార్చాలి. వర్షాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

బుడగల కోసం ఒత్తిడి పాత్ర వాడతారని విని వంటింటి ప్రెషర్ కుక్కర్‌కు కంప్రెసర్ బిగించే ఆలోచన చాలామందికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కుక్కర్ బరువు మూత సుమారు 1 బార్ ఒత్తిడికి పైకి లేస్తుంది, పాత్ర రూపకల్పన కూడా ఆ స్థాయికే. రెజిన్ పోతకు వాడే ఒత్తిడి 3 నుంచి 4 బార్లు. సంపీడన గాలి నిండిన పాత్ర పగిలితే అది బాంబే. మీరు పోసేది 3 మిల్లీమీటర్ల గోడ కనుక పౌడరు చల్లడం, సన్నటి ధారగా పోయడం, ముక్కు, పెదవుల వంటి చోట్ల ముందుగా కుంచెతో రెజిన్ అద్దడం, ఈ మూడూ చాలు. నైట్రైల్ తొడుగులు, సేంద్రియ ఆవిరులను ఆపే మాస్కు, ఎదురెదురు కిటికీలు తెరిచిన గది తప్పనిసరి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే పాలీయురేథేన్ జోలికే వెళ్ళకండి. గరుకు కాగితంతో రుద్దడం ఎప్పుడూ నీళ్ళలోనే చేయాలి.

ఫిషింగ్ హార్బర్‌లో పడవల మరమ్మతులకు వాడే పాలియెస్టర్ రెజిన్ చవకే కదా అని మీరు అనుకోవచ్చు. అడుగు దాటిన పెద్ద విగ్రహ భాగాలకు గాజుపీచు చాపతో కలిపి వాడితే దాన్ని మించినది లేదు, బట్టల దుకాణాల్లోని ఫైబర్ బొమ్మలు గుల్లగా తయారయ్యేది ఆ విధంగానే. మీ బొమ్మకు మాత్రం అది తగదు. పలచటి గోడలో పెళుసుగా ఉంటుంది, గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, అందులోని స్టైరీన్ సిలికాన్ అచ్చును త్వరగా పాడు చేస్తుంది. ఎప్పుడైనా వాడవలసి వస్తే దుకాణదారు ఇచ్చే హార్డెనర్‌ను, గట్టిపడడాన్ని వేగవంతం చేసే కోబాల్ట్ ద్రవాన్ని నేరుగా ఒకదానితో ఒకటి కలపకూడదు, అది పేలుడుకు దారి తీస్తుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపేసిన తరువాతే హార్డెనర్ వేయాలి.

రెజినే కావాలన్న పట్టుదల లేకపోతే అన్నింటికంటే చవకైన దారి ప్లాస్టర్ అచ్చు, కాగితం గుజ్జు. నానబెట్టి రుబ్బిన కాగితంలో సుద్దపొడి, చింతగింజల జిగురు కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, రెండు సగాల అచ్చులో 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఆరాక రెండు పెంకులనూ అతికించడమే. కొండపల్లి వారు రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసే మక్కు అతుకులు పూడ్చడానికి బాగా పనికివస్తుంది. మైలుతుత్తం విషం కనుక పిల్లల చేతికందే బొమ్మలో వేయకండి. ఇలా చేసిన తల చాలా తేలికగా ఉంటుంది, గుంటలు తొలిచి కళ్ళు పెట్టుకోవచ్చు. కీళ్ళ దగ్గర మాత్రం రాపిడికి అరిగిపోతుంది కనుక అక్కడ కర్ర గోళాలు పెట్టాలి. ముఖం మెత్తగా, వంగేలా ఉండాలంటే అదే ప్లాస్టర్ అచ్చులో ప్రీవల్కనైజ్డ్ రబ్బరు పాలు నిండా పోసి, ప్లాస్టర్ నీరు పీల్చుకుని గోడకు పొర కట్టాక మిగిలింది ఒంపేస్తే గుల్ల తల వస్తుంది. నూనె, ఎండ తగిలితే అది కొన్నేళ్ళకు జిగురుగా మారుతుంది. పింగాణీ మట్టి ద్రవంతో చేసే పోత కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, కానీ దాన్ని 1200 డిగ్రీలు దాటి కాల్చే కొలిమి మీకు అందుబాటులో లేనంతవరకు దాని గురించి ఆలోచించకండి.

కాగితం గుజ్జుకైనా రబ్బరు పాలకైనా ప్లాస్టర్ అచ్చు పొడిగా ఉండాలి. 100 పాళ్ళ ప్లాస్టర్‌కు 70 పాళ్ళ నీరు, బరువు ప్రకారం తూచి కలపండి. అచ్చును రోజూ తూచి, బరువు తగ్గడం ఆగిపోయినప్పుడే అది ఆరినట్టు లెక్క. మన వానల్లో దానికి చాలా రోజులు పడుతుంది, తొందరపడి స్టవ్ దగ్గర పెట్టి 50 డిగ్రీలు దాటనిస్తే ప్లాస్టర్ పొడిపొడిగా రాలిపోతుంది. ఫ్యాన్ గాలి చాలు. పాలీయురేథేన్ మాత్రం ప్లాస్టర్ అచ్చులో నేరుగా పోయవద్దు, తేమకు పొంగడమే కాక అచ్చుకు అతుక్కుపోతుంది.

యంత్రం సంగతి మళ్ళీ ఆలోచించవలసిన సందర్భం ఒక్కటే. ఒకే రకం మొండాలు, లేదా కళ్ళు పైనుంచి రంగుతో దిద్దే గుల్ల తలలు నెలకు పదుల సంఖ్యలో పోయవలసి వచ్చినప్పుడు, మీ భుజాలు నొప్పి పెట్టడం మొదలైనప్పుడు, అప్పుడు కట్టుకోండి. అప్పుడు కూడా ముందు మార్చవలసింది రెజిన్. చేత్తో తిప్పడానికి మూడు నాలుగు నిమిషాల్లో చిక్కబడే రకం అనుకూలం, ఎందుకంటే అంతకంటే ఎక్కువసేపు ఎవరూ ఓపికగా తిప్పలేరు. యంత్రానికి ఇంకా నిదానమైన రకం కావాలి, అది గోడ మీద సమంగా పరుచుకునే దాకా ద్రవంగా ఉండాలి. మామూలు పోత ఎపాక్సీ గంటల తరబడి జారుతూనే ఉంటుంది కనుక తిప్పే పనికి అది కుదరదు. మోటారు కొనే ముందు ఆ నిదానమైన పాలీయురేథేన్ చిన్న డబ్బా ఒకటి తెప్పించి, మీ మొండెం అచ్చులోనే చేత్తో ఒకసారి తిప్పి, టార్చి పెట్టి గోడ మందం చూడండి. మందం సమంగా రాకపోతే మోటారు కూడా దాన్ని సమం చేయదు. లోపం ఎక్కువగా అచ్చులోని ఇరుకు మలుపుల్లో ఉంటుంది, అప్పుడు సరిచేసుకోవలసింది భుజం దగ్గరి ఆ మలుపుల వ్యాసాన్ని.